ఆంధ్రదేశమున క్రైస్తవ సంఘము: మూడు మలుపులు

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



సికింద్రాబాదు నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, వరంగల్లు దాటిన పిమ్మట, ఖమ్మము చేరకమున్నే దోర్నకల్ అను జంక్షను కలదు. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమునకు పోవు శాఖ అచ్చటనే చీలును. ప్రయాణీకులకు అది రైలు మారు చోటు. రైల్వే ఉద్యోగులకు అది బదిలీ ఉత్తరువులలో కనబడు ఒక పేరు. క్రైస్తవ సంఘ చరిత్ర చదివినవారికి మాత్రము అది వేరొక విధమైన జంక్షను. ఆంగ్లికన్ సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పు 1912లో మద్రాసుకు గాని, కలకత్తాకు గాని, బొంబాయికి గాని బిషప్పు కాలేదు. అతనికి లభించిన పీఠము నిజాము రాజ్యములోని ఈ చిన్న రైల్వే ఊరు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోను, బెల్తరా వంటి చుట్టుపట్ల గ్రామములలోను స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ కథ చెప్పదగినది. ఇచ్చట ఉగాదినాడు ఒక ఇంటి నుండి పచ్చడియు, క్రిస్మసునాడు పొరుగింటి నుండి కేకును చేతులు మారుచునే యున్నవి. కాని పొరుగువాని పండుగ యెరిగినంతగా పొరుగువాని చరిత్ర యెరుగుట అరుదు. క్రైస్తవ మతము తెల్లదొరలతో వచ్చినదనియు, వారు పోయినను అట్లే నిలిచినదనియు అనేకులు తలతురు. అది సగము మాట. దానిని తెలుగువారు ఎట్లు తమదిగా చేసికొనిరి, అందుకొరకు ఏయే తలుపులు తట్టవలసి వచ్చినది, ఏవి నేటికిని పూర్తిగా తెరువబడలేదు అను విషయములే నేటి ప్రసంగ సారము.

మతసంస్కరణము అనగానే సిద్ధాంతముల వాదోపవాదములు స్ఫురించును. వాని వెనుక మూడు సామాన్యమైన ప్రశ్నలు కానవచ్చును. గ్రంథమును ఎవరు చదువవచ్చును? పంక్తిలో ఎవరు కూర్చుండవచ్చును? పీఠమును ఎవరు అధిష్ఠింపవచ్చును? పుస్తకము, పంక్తి, పీఠము — ఈ మూడింటిలో ఒకటి, అంతవరకు వాకిట నిలిచినవాని చేతికి వచ్చినప్పుడెల్ల సంఘము ఒక మలుపు తిరిగినది. ఈ ప్రశ్నలు తెలుగువారికి క్రొత్తవి కావు. పలనాటి బ్రహ్మనాయుని చాపకూడు పంక్తిని గూర్చిన ప్రశ్నయే గదా!

మొదట ప్రపంచ చరిత్రను క్లుప్తముగా చూతము. క్రీ.శ. 313లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ మిలాను ప్రకటనతో క్రైస్తవులకు స్వేచ్ఛ నొసగెను. అంతవరకు దాగి ప్రార్థించినవారికి రాజాశ్రయము లభించెను. 325లో నిసియా నగరమున బిషప్పులు సమావేశమై విశ్వాస ప్రమాణమును నిర్ణయించిరి. 1054లో తూర్పు సంఘమును, పశ్చిమ సంఘమును విడిపోయినవి. రాజాశ్రయమువలన బలమును, బలమువలన అధికార దాహమును పెరుగుట ఏ మతమునకైనను సహజము. బైబిలును ప్రజల భాషలో చదువవలెనను ఉద్యమములతో సంబంధము గల బొహీమియా దేశపు జాన్ హస్ 1415లో సజీవ దహనము చేయబడెను. 1517 అక్టోబరు 31న జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రముల విక్రయమును ఖండించుచు 95 వాదములను ప్రకటించెను. ఆ వాదములు లాటిను భాషలో నుండెను. సామాన్య జనుల హృదయమును కదలించినది 1522లో అచ్చయిన అతని జర్మను క్రొత్త నిబంధన. ఇంగ్లీషులోనికి క్రొత్త నిబంధనను మార్చి 1526లో అచ్చొత్తించిన విలియం టిండేల్ పదియేండ్లకే ప్రాణములు గోల్పోయెను. రోమను కథోలిక సంఘము గూడ ట్రెంటు మహాసభలో (1545–1563) తన యింటిని తాను చక్కబెట్టుకొనెను. ఈ కాలమంతయు ఒక్కమాటలో చెప్పవలెనన్న, పుస్తకము పండితుని పెట్టెనుండి సామాన్యుని చేతికి వచ్చిన కాలము.

ఇక తెలుగుదేశమున మొదటి మలుపు: పుస్తకము.

కథోలిక గురువులు తెలుగు గడ్డకు ముందుగనే వచ్చిరి. పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రెంచి జెస్యూటులు పుంగనూరు ప్రాంతమున సంఘములు నెలకొల్పిరి. కాని బైబిలును తెలుగు చేయవలెనను ప్రయత్నము తమిళ తీరమున మొదలైనది. 1706లో తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనరీల పరంపరలోని బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు మద్రాసు చేరి, అచ్చటి తెలుగువారి భాష నేర్చి, బైబిలును తెనిగించెను. ఆ అనువాదము వ్రాతప్రతిగనే మిగిలిపోయెను. స్వదేశమునకు మరలిన పిదప 1746–47 ప్రాంతమున హాలె నగరమున అతడు కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. తెలుగున మొదట అచ్చయిన పుస్తకములుగా చరిత్రకారులు పేర్కొనునవి ఇవియే. తెలుగు అక్షరము తొలిసారి అచ్చుయంత్ర మెక్కినది గోదావరి తీరమున గాదు, జర్మనీలో!

1805లో లండను మిషనరీ సంఘము పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను నిరువురు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారికి తెలుగు రాదు. వారి పనికి ప్రాణము పోసినవాడు క్రైస్తవమును స్వీకరించిన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు. అనువాదమున అతని చేయి లేనిదే పని సాగదు. 1810 నాటికి ఆ యిరువురు మిషనరీలును కాలధర్మము చెందిరి. అయినను వారి శ్రమ వృథాపోలేదు. 1812లో మూడు సువార్తలు తెలుగున శ్రీరాంపురమున అచ్చయ్యెను. 1818లో ఎడ్వర్డు ప్రిచెట్ పూర్తిచేసిన క్రొత్త నిబంధన మద్రాసున వెలువడెను. బైబిలు సంపూర్ణముగా తెలుగున వెలువడునప్పటికి 1854 వచ్చెను. షుల్జ్ వ్రాతప్రతి మొదలుకొని లెక్కించిన నూటయిరువది సంవత్సరములకు పైమాటయే.

పుస్తకము తెలుగైనంత మాత్రమున మతము తెలుగు కాదు. పాట తెలుగు కావలెను. ఆ పని చేసినవారిలో అగ్రగణ్యుడు పర్లాకిమిడి ప్రాంతమునకు చెందిన పురుషోత్తమ చౌధురి (1803–1890). శ్రీకాకుళము, బరంపురము పరిసరములలో అతడు బోధకుడుగా తిరిగెను. పాశ్చాత్య బాణీల కీర్తనలను తెలుగు మాటలలో ఇరికించుటకు మారుగా, రాగతాళములతో తెలుగువాని నోట సహజముగా పలుకు కీర్తనలను రచించెను. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున అతని పాటలు నిలిచియున్నవి. బిలాస్‌పూర్‌లోని తెలుగు కుటుంబములలో ఆ ప్రాంతమునుండి వచ్చినవారు అనేకులు. వారి తాతముత్తాతల యూళ్లలో నడిచిన కవి యితడు.

రెండవ మలుపు: పంక్తి.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ భాగమున మిషనరీలలో రెండు అభిప్రాయము లుండెను. అగ్రవర్ణముల యువకులకు ఇంగ్లీషు విద్య నేర్పినచో క్రైస్తవము పైనుండి క్రిందికి పారునని కొందరు నమ్మిరి. 1841లో మచిలీపట్టణమునకు వచ్చిన రాబర్టు నోబిల్ ఆ నమ్మకముతోనే 1843లో పాఠశాల స్థాపించెను. ఆ పాఠశాల తెలుగుదేశమునకు గొప్ప విద్యాసేవ చేసినది. కాని నీరు అట్లు పారలేదు. అది క్రిందినుండి పైకి ఉబికినది.

అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1836 ప్రాంతముననే ఆరంభమైనను, దీర్ఘకాలము ఫలితము స్వల్పము. అమెరికాలోని వారి సంఘమువారు దానిని మూసివేయుదమా యని పలుమారులు చర్చించిరి. అటువంటి దశలో 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరెను. క్లౌ దొర రాకకు తోడు, ఆ కథకు మూలపురుషుడు తాళ్లకొండపాటివాడైన యెర్రగుంట్ల పేరయ్య. అతడు మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారము చేయువాడు. అంతకుమున్నే భక్తి మార్గములను, గురువులను వెదకి తిరిగిన జిజ్ఞాసువు. 1866లో అతడు బాప్తిస్మము పొందెను. పిదప ఊరూర తన బంధువర్గమునకు తానే బోధింపసాగెను. ఒంగోలులో 1867 జనవరి 1న సంఘము ఎనిమిది మందితో మొదలయ్యెను.

అప్పుడు క్లౌ దొర ఎదుట కఠినమైన ప్రశ్న నిలిచినది. ఆయన పాఠశాలలో అగ్రవర్ణముల బాలురు చదువుచుండిరి. వారి పెద్దలు ఆయన యెడల సుముఖులు. మాదిగలను సంఘమున చేర్చుకొనినచో తాము రామని వారు స్పష్టముగా తెలిపిరి. పేరయ్య తెచ్చిన జనమా, పట్టణపు పెద్దలా? ఆ రాత్రి తానును, తన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరువగా ఇరువురకును పౌలు కొరింథీయులకు వ్రాసిన లేఖలో ఒకే భాగము కనబడినదని ఆయన తన స్మృతులలో వ్రాసికొనెను. లోకము నీచముగా చూచిన వారినే దేవుడు ఎన్నుకొనెనను భాగమది. మరునాటి నుండి పాఠశాల ఖాళీ అయ్యెను. తలుపు మాత్రము తెరచియే యుండెను.

అట్లు చేరినవారు సుఖముగా నుండిరని తలపరాదు. సంఘమున చేరువారు చచ్చిన పశువుల మాంసము తినరాదు. ఆదివారము పని మానవలెను. గ్రామదేవతల కొలువులలో డప్పు కొట్టరాదు. ఈ నియమములు గ్రామవ్యవస్థలో నాటుకొనిన పురాతన కట్టుబాట్లకు విరుద్ధములు. డప్పు మోగక జాతర ఆగినపుడు మోతుబరులు ఊరుకొందురా? బావులు మూసిరి, కూలి మానిపించిరి, కేసులు బనాయించిరి. అయినను 1876 నాటికి ఒంగోలు సంఘమున సుమారు మూడువేల మంది సభ్యులైరి. ఈ సంఖ్య గుర్తుంచుకొనదగినది. ఏలయన కరవు అటుపిమ్మటనే వచ్చినది.

1876–78 నాటి ఆ కరవును పెద్దలు ధాత కరువని చెప్పుకొనెడివారు. బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును ప్రభుత్వము కరవు పనిగా చేపట్టెను. పూర్వము అమెరికాలో సర్వేయరు పని చేసిన క్లౌ దొర, సుమారు మూడు మైళ్ల కాలువ పనిని స్వయముగా గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపించెను. మట్టి మోయువారి నడుమ పేరయ్య వంటి బోధకులు పని పర్యవేక్షకులైరి. సాయంకాలములందు అలసిన జనమునకు ఓదార్పు మాటలు చెప్పిరి.

ఇచ్చటనే ఒక ఆక్షేపణ వచ్చును: అన్నము కొరకు మతము మారిరని. దీనిని దాటవేయరాదు. కరవు సాయము సాగినంత కాలము, సుమారు పదిహేను నెలలు, క్లౌ దొర ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. సాయము ముగిసిన పిదప, ఇక డబ్బు లేదు, పని లేదు అని తెలిపిన పిదప, 1878 జూన్ మాసమున మరల తలుపు తెరచెను. ఒంగోలుకు పది మైళ్ల దూరమున, గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లి వద్ద, 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలిచి ఆ కార్యము నడిపిరి. క్లౌ దొర స్వయముగా నీటిలో దిగలేదు. ఆరువారములలో ఎనిమిదివేలకు మించి చేరిరి. ఆకలియు, ఆశయు, ఆత్మగౌరవమును ఏ పాళ్లలో కలిసి ఆ జనమును నడిపించెనో తూచి చెప్పగల త్రాసు లేదు. కాని కూలి కొరకే వచ్చినవారు కూలి ఆగిన పిదప నిలువరు. వీరు నిలిచిరి.

ఇది జరిగిన మూడేండ్లకే, 1881 డిసెంబరులో, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహము జరిపించెను. గుండ్లకమ్మ తీరమును, గోదావరి తీరమును ఒకదాని నొకటి అనుకరించినవి కావు. కాని ఆ దశాబ్దమున తెలుగుదేశపు గాలియే అట్టిది. మనుష్యునికి మనుష్యుడు దూరముగా నిలువవలెనను నియమము రెండుచోట్లను కదలినది.

ఛత్తీస్‌గఢమునందును ఆ కాలముననే ఇటువంటి కదలిక కానవచ్చును. గిరోద్‌పురి గురు ఘాసీదాసు (1756–1850) మనుష్యులందరు సమానులని బోధించి సత్‌నామీ మార్గమును స్థాపించెను. నేటి బిలాస్‌పూర్ కేంద్రీయ విశ్వవిద్యాలయము ఆయన పేరనే నెలకొనియున్నది. 1868లో జర్మను మిషనరీ ఆస్కార్ లోర్ ఆ సత్‌నామీల నడుమనే బిశ్రాంపూర్ గ్రామమును నెలకొల్పెను. 1885లో డిసైపిల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషను బిలాస్‌పూర్‌లో పని ప్రారంభించెను. మతము పేరు ఏదైనను, ఆ జనులు వెదకినది మాత్రము తమను సమముగా చూచు పంక్తియే.

మూడవ మలుపు: పీఠము.

పుస్తకము వచ్చినది, పంక్తి ఏర్పడినది. కాని పెద్దపీట ఎవరిది? పందొమ్మిదవ శతాబ్దము ముగియువరకు సంఘపు ధనము, నిర్ణయము, అధికారము తెల్లవారి చేతులలోనే యుండెను. భారతీయుడు ఎంత చదివినను, ఎంత సేవ చేసినను సహాయకుడే. ప్రభుత్వ కార్యాలయములలో సీనియరు గుమాస్తా అన్ని ఫైళ్లను సిద్ధము చేయుటయు, సంతకము వేరొకరు చేయుటయు ఆ తరము ఉద్యోగులకు తెలిసిన సంగతియే. సంఘమునందును అదే పద్ధతి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించెను. నాడారు కులమునుండి క్రైస్తవుడైన తండ్రి గ్రామ సంఘపు గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినను పట్టము పొందలేదు. ఆపైన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట తిరిగెను. పరదేశీయుల ధనముతో పరదేశీయుల ఆజ్ఞలలో జరుగు పనికి బదులు, భారతీయుల సొమ్ముతో, భారతీయుల నాయకత్వమున పని సాగవలెనని ఆయన సంకల్పము. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును, 1905 క్రిస్మసునాడు శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ తిరునెల్వేలి సంఘము తన మొదటి కార్యక్షేత్రముగా ఎన్నుకొన్నది నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. అజరయ్య సుఖమైన పదవిని విడిచి 1909లో అచ్చటికి వచ్చెను. తమిళుడైన ఆయన తెలుగు నేర్చి తెలుగువారిలో తెలుగువాడయ్యెను.

1910 జూన్‌లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వచ్చిన సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అజరయ్య ఆ సభలో లేచి, మిషనరీలు చేసిన త్యాగములను కొనియాడి, ఒక లోపమును మాత్రము నిర్మొగమాటముగా చెప్పెను. పాశ్చాత్యులు భారతీయ సహోద్యోగులను తమ యింటి భోజనమునకు పిలుచుట యరుదు, చేయి కలుపుట యరుదు. దయచూపువారు కావలసినంతమంది కలరు, స్నేహితులు లేరు అని ఆయన మాటల సారము. సభలో కొందరు హర్షించిరి. కొందరి ముఖములు ఎఱ్ఱబారెను. అప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు నిండలేదు. పంక్తిని గూర్చిన ప్రశ్న ఈసారి మాలమాదిగలను గురించి గాదు, తెల్లదొరల భోజనపు బల్లను గురించి.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఆయన యోగ్యతను గుర్తించి ఆయనను బిషప్పుగా చేయవలెనని పట్టుబట్టెను. వ్యతిరేకించినవారు అనేకులు. ఇంగ్లీషు గురువులపై భారతీయుడు అధికారియగునా యని కొందరు. నాడారు కులజుడు మనకు పెద్దయా యని అగ్రవర్ణ క్రైస్తవులు కొందరు. రెండు గర్వములు ఒకే మాట మాట్లాడినవి! తుదకు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింటు పాల్ ప్రధానాలయమున ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆయనకు లభించిన అధికారమండలము దోర్నకల్. చిన్నదిగదా యని ఆనాడు సంతృప్తి పడినవారున్నారు. అది క్రమముగా పెరిగి, కృష్ణా జిల్లావరకు విస్తరించి, 1930ల నడుమ నాటికి రెండులక్షలకు పైబడిన క్రైస్తవ జనముతో నిండెను. ఆ క్రైస్తవులలో అత్యధికులు గ్రామములలోని మాలమాదిగలు. అజరయ్య ఎడ్లబండిమీదను, రైలులోను, కాలినడకను ఊరూర తిరిగి, ఒకే పాత్రనుండి అందరికిని ప్రభుభోజన సంస్కార మిచ్చుచు, బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత, తన తలపై తానే చేయిపెట్టుకొని, ఈ వార్తను పొరుగువానికి చెప్పెదనని పలికించెడివాడు.

దోర్నకల్‌లోని ఎపిఫనీ ప్రధానాలయము ఆయన భావమునకు రాతి రూపము. అనేక సంవత్సరములు సాగిన నిర్మాణము ముగిసి 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమయ్యెను. అందలి స్తంభములు దేవాలయ మండపములను, గుంబజులును మినారులును మసీదులను తలపించును. ఇంగ్లండు పల్లెనుండి పెకలించి తెచ్చి నాటినట్లు కనబడు ఆలయము కాదది. ఈ నేలమీద మొలిచినట్లు కనబడును.

ఆయన అందరితోను ఏకీభవించినవాడు కాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని ఆయన వాదించెను; మతము రాజకీయ వర్గము కారాదని ఆయన అభిప్రాయము. 1936–37 నాటికి గాంధీమహాత్ముడు "హరిజన్" పత్రికలో సామూహిక మతాంతరీకరణములను తీవ్రముగా విమర్శించెను. బీదవాని యవసరమును ఆసరాగా గొనుట తగదని మహాత్ముని వాదము. బీదవానికిని తన యంతరాత్మ కలదు, తన నిర్ణయము తాను చేసికొను హక్కు కలదని అజరయ్య వాదము. ఇరువురును దళితుని మేలు కోరినవారే. ఆనాటి ఆ వాదము నేటికిని ముగియలేదు. కాని దానిని ఇరువురును గౌరవముతో నడిపిరి.

1945 జనవరి 1న అజరయ్య దోర్నకల్‌లో పరమపదించెను. ఆయన కనిన మరియొక కల అప్పటికి నెరవేరలేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు గురువులు, అధికాంశము భారతీయులే, సమావేశమై, ఇంగ్లండులోను, అమెరికాలోను జరిగిన చీలికలను భారతదేశమున మోయవలసిన పనిలేదని ప్రకటించిరి. ఆ ప్రకటనకు ప్రధాన సూత్రధారులలో అజరయ్య యొకడు. 1706లో డేనిష్ మిషనరీలు దిగిన తీరముననే, రెండువందల పదుమూడేండ్లకు, భారతీయ క్రైస్తవులు తమ మాట తాము పలికిరి. మరి యిరువదియెనిమిదేండ్ల చర్చల పిమ్మట, దేశము స్వతంత్రమైన నలువది మూడవదినమున, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటైరి. బిషప్పులు కలవారును, లేనివారును ఒకే సంఘముగా కలియుట ప్రపంచ క్రైస్తవ చరిత్రలో అపూర్వమని పెద్దలు శ్లాఘించిరి. లూథరనులు, బాప్టిస్టులు వెలుపలనే నిలిచిరి. ఉత్తరమున ఇట్టి ఐక్యత 1970 నవంబరు 29న నాగపూరులో సిద్ధించెను. అందు డిసైపిల్స్ సంఘమువారును భాగస్వాములైరి. ఇచ్చటి పాత మిషను కథ ఆ విధముగా ఆ ప్రవాహములో కలిసినది.

కథోలికులలోను మార్పు ఆగలేదు. రెండవ వాటికను మహాసభ (1962–1965) పూజాభాషను ప్రజల భాషలకు తెరచినది. లాటినులో వినబడిన పూజ తెలుగున వినబడినది. షుల్జ్ నాటి పుస్తకపు ప్రశ్నకు పూజాపీఠమునందు లభించిన సమాధాన మది.

ఇటీవలి రెండు సంఘటనలు గూడ పేర్కొనదగినవి. 1947లో ఐక్యసంఘమునకు వెలుపల నిలిచి, పిదప చేరిన ప్రాంతము నంద్యాల. ఆ మండలమునకే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పు అయిరి. దక్షిణ ఇండియా సంఘమున తొలి మహిళా బిషప్పు ఒక తెలుగు స్త్రీ. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ కార్డినలుగా నియమితులైరి. కర్నూలు జిల్లాకు చెందిన ఆయన తొలి తెలుగు కార్డినలు, దళితులలోనుండి ఆ పదవి నధిష్ఠించిన తొలివారు. గుండ్లకమ్మ నీటిలో దిగినవారి మనుమలకు ఆ వార్త ఎట్లు వినబడియుండునో ఊహింపవచ్చును.

ఇంతటితో కథ సుఖాంతమని ముగించుట సులభము. కాని అది సత్యమునకు కొరత. సంఘమున చేరినంతమాత్రమున కులము చావలేదు. మాల సంఘము, మాదిగ సంఘము అని వేరువేరుగా చెప్పుకొను ఊళ్లు మిగిలినవి. పెండ్లి సంబంధములలో కులము వెదకుట మానలేదు. శ్మశానమున గోడలు లేచినచోట్లు గూడ కలవు. సంఘపు ఆస్తులను గూర్చిన వ్యాజ్యములు న్యాయస్థానములను నింపినవి. అజరయ్య పీఠము కొరకు పోరాడలేదు. పీఠము వచ్చిన పిదప దానికొరకు పోరాడువారు ఆయన పేరు తలచుటకు అర్హులా యని సంఘస్థులే అడుగుకొనవలెను.

ప్రభుత్వ నియమములలోను ఒక చిక్కు కలదు. ఈ సభలో కూర్చున్నవారిలో సర్టిఫికెట్లు పరిశీలించు ఉద్యోగులు కలరు. వారికి ఇది క్రొత్త కాదు. 1950 నాటి షెడ్యూలు కులముల ఉత్తరువులోని మూడవ పేరా ఆ హోదాను హిందువులకు పరిమితము చేసెను; 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను; క్రైస్తవులు మాత్రము వెలుపలనే నిలిచిరి. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూలు కులములవారిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గముగా గుర్తించిరి. ఈ ప్రశ్నను పరిశీలించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషనును నియమించెను. క్రైస్తవములో కులము లేదు గనుక హోదా అక్కరలేదని ఒక వాదము. కులము వదలలేదు గనుక హోదా కావలెనని మరియొక వాదము. మతము మారినంతమాత్రమున ఊరిచివరి ఇల్లు ఊరినడుమకు రాదు అనునది మాత్రము ఇరుపక్షములును ఎరిగిన నిజమే.

సభాసదులారా! ఒక మతపు చరిత్ర ఆ మతస్థులకు మాత్రమే పాఠము కాదు. ఏ సంఘమైనను, అది దేవాలయపు పాలకవర్గము కానిండు, మసీదు కమిటీ కానిండు, ఉద్యోగుల సాంస్కృతిక సంఘమే కానిండు, అప్పుడప్పుడు తన్ను తాను ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. పుస్తకము అందరికిని అందుచున్నదా? పంక్తి అందరికిని వేయబడుచున్నదా? పీఠమునకు చేరు మెట్లు అందరి కాళ్లకును అందుచున్నవా? ఈ మూడింటికిని "అవును" అని చెప్పగల సంఘము ఇంతవరకు లోకమున పుట్టలేదు. కాని ఆ ప్రశ్నలను మరువక అడిగిన సంఘములే మలుపులు తిరిగి ముందుకు సాగినవి.

పరిశ్రమించి పని చేయువారికి జంక్షను విలువ తెలియును. అది గమ్యము కాదు. దిక్కు నిర్ణయించు చోటు. దోర్నకల్ అట్టిది, ఒంగోలు అట్టిది, విశాఖపట్టణము అట్టిది. మరల ఎప్పుడైనను ఆ దారిన రైలులో పోవు తెలుగువారు, దోర్నకల్‌లో బండి ఆగినప్పుడు, టీ చేత పట్టుకొని ఒక్క నిమిషము ఆ యూరి గుడివైపు చూచి, అందు ఎవరు ఎవరికి పెద్దపీట వేసిరో తలచుకొన్నచో ఈ ప్రసంగము చరితార్థము.